తొమ్మిదో తాత దాకా

మా ఆయన ఇథెల్ జీవితంలో ఎవరినీ ఒక్కరిగా పలకరించి ఎరగడు. మనిషి కనిపిస్తే చాలు, ఆ మనిషి తండ్రినీ తాతనీ ముత్తాతనీ, అలా తొమ్మిదో తాత దాకా పేరుపేరునా తలచుకుని, ఆ తర్వాతే "బాగున్నావా?" అనేవాడు. అంతసేపూ ఇద్దరూ వానలో తడిసేవాళ్ళు. మా వేల్స్‌లో వాన ఎవరి తాతల కోసమూ ఆగదు.

తుద్వల్ దొర కొలువులో కవి ఆయన. దొరని పొగడడం, దొర వంశాన్ని పొగడడం, ఓపికుంటే దొర గుర్రాన్ని పొగడడం ఆయన పని. బాగానే ఉంది. కానీ వడ్రంగి ఇంటికొచ్చాక రంపం మూల పెడతాడు. ఈయన పెట్టడు.

నన్నడగడానికి మా ఇంటికొచ్చినప్పుడు మా నాన్న ఎదుట కూర్చుని మా తాతలందరినీ ఏకరువు పెట్టాడు. ఆరో తాత దగ్గర మా నాన్న కునుకు తీశాడు. తల ముందుకు వాలింది. "ఒప్పుకున్నారు" అని లేచి నిలబడ్డాడు ఇథెల్. అలా అయింది నా పెళ్ళి.

ఒకరోజు ఉల్లికాడల చారు దించి పిలిచాను. గుమ్మంలో ఏదో కుక్కతో నిలబడ్డాడు.

"ఏమయ్యా, చారు చల్లారిపోతోంది."

"వస్తున్నానే. ఇది ఎవరనుకున్నావు? దొరవారి నాన్నగారి వేటకుక్కకి మునిమనవరాలు."

"అయితే దానికే పోస్తాను."

"దీని తల్లి పేరు..."

ఆ పేరు వినిపించుకోకుండా నిజంగానే కుక్కకి పోశాను. గొప్పింటి కుక్క, చల్లారిందని సణక్కుండా తాగింది.

ఇక క్రిస్మస్ విందు సంగతి. కొలువులో కవి మొదట దేవుడి మీద పాడాలి, తర్వాత దొర మీద. దేవుడి పాట తొందరగా అయిపోయేది, ఆయనకి తాతలు లేరు కనక. దొరకి ఉన్నారు. నాలుగో తాత దగ్గర వడ్డించేవాళ్ళు ఆవలించేవాళ్ళు. ఆరో తాత దగ్గర పెత్తందారు కాదెల్ భక్తితో కళ్ళు మూసుకునేవాడు, ఆ భక్తి గురక దాకా వెళ్ళేది. దొర మాత్రం కళ్ళు తెరుచుకునే నిద్రపోయేవాడు. దొరతనమంటే అదే.

ఓ ఏడు ఆ పాట ఉన్నట్టుండి పొడుగైంది. తొమ్మిదో తాత అయ్యాక ఆ తాతల తమ్ముళ్ళు, వాళ్ళ పిల్లలు మొదలయ్యారు.

"ఉన్న తాతలు చాలలేదా? వీళ్ళంతా ఎక్కడ దొరికారు?" అన్నాను విసుగ్గా.

"వెతికితే దొరుకుతారే" అన్నాడు.

అప్పటినుంచి ఇరవై ఏళ్ళు ఆ పాట అలాగే సాగింది. ఆ తర్వాత నేనూ ఆరో తాత దాటి ఎన్నడూ మెలకువగా లేను.

మా లోయలో కెలిన్ అనే కుర్రవాడు ఉండేవాడు. పసిగుడ్డుగా ఉన్నప్పుడు పగిలిన పడవలో ఒడ్డుకి కొట్టుకొస్తే, సులియెన్ అనే ముసలి రైతు ఎత్తుకొచ్చి పెంచాడు. ముసలాయన పోయాడు. ఆ పొలం మీద పెత్తందారు కాదెల్ కన్ను ముందునుంచీ ఉంది. దొర ఎదుట, నిండు కొలువులో, కెలిన్‌ని నిలబెట్టాడు. నెలలు నిండిన భార్య వాడి వెనకే ఉంది.

"నీ తండ్రి ఎవడ్రా?"

"సులియెన్, అయ్యా."

"పెంచినవాణ్ణి కాదు, కన్నవాణ్ణి చెప్పు. తాతల పేర్లు చెప్పుకోలేనివాడు పరాయివాడు. పరాయివాడికి ఇక్కడ నేల లేదు. పెళ్ళాన్ని తీసుకుని రేపు పొలిమేర దాటు."

అది మా చట్టమే. కెలిన్ టోపీ నలుపుతూ నేల చూశాడు. అప్పుడు ఇథెల్ లేచాడు. కొలువంతా మూలిగింది.

"ఇప్పుడొద్దయ్యా, ఇథెల్" అన్నాడు దొర.

"కొత్తదేమీ కాదు దొరా, ప్రతి క్రిస్మస్‌కీ పాడేదే. మీ ముత్తాతగారి తమ్ముడు ఇద్నెర్త్ ఐర్లండ్ పడవెక్కాడు. ఆయన కొడుకు మోర్. మోర్ కొడుకు సెయిసిల్. సెయిసిల్ కొడుకు ఈ కెలిన్. ఇరవై ఏళ్ళుగా పాడుతున్నాను. పెత్తందారుగారు వినలేదా?"

వినలేదంటే, దొర వంశం పాడుతుంటే నిద్రపోయినట్టు. కాదెల్ ఓసారి దొర వైపు చూశాడు.

"విన్నాను. వినకేం."

"ఆ చోట నా గొంతు కాస్త వణుకుతుంది."

"అవును, వణుకుతుంది."

"నాకు ముందునుంచీ ఆ చోటే ఇష్టం" అన్నాడు దొర గంభీరంగా. కెలిన్‌ని "దాయాదీ" అని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఇంటికొస్తూ అడిగాను. "నిజం చెప్పు. ఆ ఇద్నెర్త్ ఉన్నాడా?"

"పాపం, పసివాడు ఒడ్డుకొచ్చిన రోజునుంచీ ఉన్నాడు."

"మరి ఎవరైనా విని ఉంటే?"

"ఎవరూ వినకూడదనే కదే, అంత పొడుగ్గా పాడింది."

నిరుటి చలికాలంలో ఆయన పోయాడు. మాకు పిల్లలు లేరు. సమాధి దగ్గర వానలో కెలిన్ ముందుకొచ్చి, టోపీ తీసి, ఇథెల్ తాతలని చదవడం మొదలుపెట్టాడు. తొమ్మిదో తాత దగ్గర ఆగలేదు. వచ్చినవాళ్ళు పక్క చావిట్లో వేసిన చావు భోజనాల బల్ల వైపు చూపులు తిప్పారు. నేను మాత్రం విన్నాను. ఎక్కడో ఓ ముత్తాత తమ్ముడి వంశంలో, చిట్టచివర, కెలిన్ పేరుంది.

"వీళ్ళంతా ఎక్కడ దొరికార్రా?" అన్నాను.

"వెతికితే దొరుకుతారమ్మా" అన్నాడు వాడు.

ఇంటికొచ్చేసరికి చారు చల్లారిపోయింది. గుమ్మంలో ఆ పాత కుక్క మనవడు కూర్చుని ఉన్నాడు. వాడికే పోశాను, ముందు వాడి తల్లి పేరు, అమ్మమ్మ పేరు చెప్పి.