సాలులో చెప్పని నొప్పి

ఆదోని దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నేను నర్సును. ఏటా చలికాలంలో బయటి దేశాల డాక్టర్లు వచ్చి, కొన్నాళ్ళు ఉచితంగా చూసి పోతారు. వాళ్ళ ఇంగ్లీషు అంతంత మాత్రం, నాదీ అంతే. అందుకే వాళ్ళ భాషల్లో నాకు ముందుగా పట్టుబడింది ‘నొప్పెట్టడం’ అన్న మాట. స్పెయిన్ డాక్టరమ్మకు అది ‘ద్వేలే’. పోర్చుగల్ ఆయనకు ‘దోయ్’. ఇటలీ పెద్దాయన ‘దువోలే’ అని, అది పుస్తకాల మాట, మా ఇళ్ళల్లో ఎవరూ అనరని తనే నవ్వేవాడు. అన్నిటికీ మూలం లాటిన్‌లో ‘దోలేరే’ అని చెప్పిందీ ఆయనే. మా నొప్పీ, ఆలూరు అవతలి నుంచి వచ్చే కన్నడ రోగుల ‘నోవూ’ చుట్టాలేనని నేనూ గొప్పలు పోయాను.

ఇన్ని నేర్చినా మా అమ్మ దగ్గర ఒక్కటీ పనికిరాలేదు. అమ్మ పెద్దకడుబూరు వైపు పత్తి తీసే కూలీ. అక్కడి ఆడవాళ్ళు సాలు మధ్యలో, ఆ మొక్కల వరస తీసి ముగించేదాకా, నొప్పి అన్న మాట నోట రానివ్వరు. ఒకరంటే పక్క సాలులో వాళ్ళ నడుమూ పట్టేస్తుందని నమ్మకం. సాలు అయ్యాక చెప్పుకోవచ్చు. మా అమ్మకు సాలు ఎన్నడూ అయిపోలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మా అమ్మ అడిగినా చెప్పదు.

పోయిన చలికాలం ఆమె అన్నం సగంలోనే వదిలేస్తుంటే, పోట్లాడి ఆటో ఎక్కించి మా ఆసుపత్రికి తెచ్చాను. లోపల నాకు చాలా భయంగా ఉంది. డాక్టరమ్మ అమ్మ పక్కటెముకల కింద నొక్కి, “ద్వేలే?” అంది.

“నొస్తాందా అని అడుగుతాంది మా.”

“లేదు పాపా. ఏం లేదని సెప్పు.”

అంటూనే పడుకున్న బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. రోగి మాటను నేనెప్పుడూ మార్చి చెప్పలేదు. ఆ రోజు మార్చాను.

“ద్వేలే. ద్వేలే మూచో,” అన్నాను.

డాక్టరమ్మ స్కానింగ్‌కు రాయడానికి తన టేబుల్ దగ్గరికి వెళ్ళింది. అమ్మ నావైపు అనుమానంగా చూసింది.

“నేను లేదంటి గదా. నువ్వేం సెప్పినావు?”

“శానా నొస్తాందని సెప్పినా.”

తిడుతుందనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని, డాక్టరమ్మ నొక్కిన చోటికి కాస్త కిందగా పెట్టుకుంది.

“ఆడ కాదు పాపా,” అంది. “ఈడ. శానా దినాల నుంచి.”