నలుగురిని మోసే వ్యాను

మా ఆయన హార్లన్ మొన్న మార్చిలో పోయాడు. చర్చివాళ్ళు ఆయన గురించి ఒక పేజీ రాసిమ్మంటే పుట్టిన ఊరూ, చేసిన పనీ, పాడిన కీర్తనలూ రాసిచ్చాను. వ్యాను కొన్న సంగతి అందులో పెట్టలేదు. అది చర్చిలో చదివేది కాదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన ధాన్యం గిడ్డంగిలో కాటా దగ్గర పనిచేశాడు. రైతు లారీ లోడుతో వచ్చి ఒకసారి కాటా ఎక్కుతుంది, ధాన్యం దింపి ఖాళీగా మళ్ళీ ఎక్కుతుంది. ఆయన కిటికీలోంచి చూసి రెండు అంకెలూ రాస్తాడు. ఒకసారి ఒక రైతు ఖాళీ లారీ తూయించుకుని వెళ్ళబోతుంటే పిలిచి, "మీ కుక్క ఏదీ?" అన్నాడట.

"ఏ కుక్క?"

"వచ్చేటప్పుడు సీట్లో ఉందిగా. ఇప్పుడు లేదు. కుక్కని గోధుమల కింద అమ్మకయ్యా."

రైతులు ఊరుకుంటారా? మా పెళ్ళయిన కొత్తల్లో వాళ్ళు, "హార్లన్, మీ ఆవిడ్ని ఎన్ని పౌండ్లకి తీసుకున్నావు?" అని అడిగితే, ఈయన తల ఎత్తకుండా, "తేమ తరుగు తీసేసి నూట ఇరవై ఎనిమిది" అన్నాడు. ఊరంతా నన్ను ఏడాదిపాటు తేమ తరుగు అని పిలిచారు.

మాకు ఇద్దరు ఆడపిల్లలు, రెనే, జోడీ. వాళ్ళ చిన్నప్పుడే ఒక మడత గుడారం బండి కొన్నాం. పైకప్పు దించితే పెట్టెలా ఉంటుంది. కారు వెనక తగిలించుకుని మిషిగన్ సరస్సు ఒడ్డుకి పోయి, పిడి తిప్పితే పైకప్పు లేస్తుంది, అటూ ఇటూ మంచాలు బయటికొస్తాయి, గోడలన్నీ గుడ్డ. వేసవిలో వారం రోజులు మాకు అదే ఇల్లు.

ఆ బండికి ఒక్కటే నియమం. తడి గుడారం మడిచి తెస్తే ఇంటికి రాగానే మళ్ళీ విప్పి ఆరబెట్టాలి. లేకపోతే బూజు తినేస్తుంది. ఆ ఏడు శనివారం వానలో మడిచి తెచ్చాం. మర్నాడు ఆదివారం. మా ఇళ్ళల్లో ఆదివారం దేవుడి రోజని బట్టలు కూడా ఆరేయరు.

"సోమవారం విప్పుదాంలే" అన్నాడు హార్లన్.

సోమవారం పొద్దున రెనేకి జ్వరం వచ్చింది. మెడ వంచలేకపోయింది. ఆసుపత్రిలో మందు మోతాదు కోసం మంచంతో సహా తూచారు. మంచం బరువు పోను ఎనభై ఒక్క పౌండ్లు. నర్సు అంకె చెప్పినప్పుడు హార్లన్ పెదవులు కదిలాయి, తనలో తాను చెప్పుకున్నాడు. బుధవారం సాయంత్రానికి పిల్ల లేదు. పదకొండేళ్ళు.

బండి ఎవరూ విప్పలేదు. షెడ్డులో అలాగే మూడేళ్ళు ఉండిపోయింది. బట్టలు ఆరేయడానికి ఆ పక్కగా వెళ్ళినప్పుడు లోపల గుడ్డ కదిలిన చప్పుడు వినిపించేది, పడుకున్నవాళ్ళు అటు తిరిగి ఇటు తిరిగినట్టు. ఎలకలని చెప్పుకునేదాన్ని. ఎలకల బోను పెట్టానా అంటే, పెట్టలేదు.

జోడీకి పదేళ్ళు వచ్చాక, ఒక రోజు అన్నం బల్ల దగ్గర, "మనం ఇంక సరస్సుకి వెళ్ళమా?" అంది. హార్లన్ ఫోర్కు కింద పెట్టాడు. "పాత కారు లాగలేదు. వ్యాను చూడాలి" అన్నాడు. కాదనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను వ్యాన్ల వెంట పడ్డాను. ఈ ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో ఊపిరి బిగబట్టి బతుకుతున్నాం. ఒక్క వారం బయటికి పోకపోతే జోడీ కూడా మా చేతుల్లోంచి జారిపోతుందని నాకు భయంగా ఉండేది.

వ్యాన్లమ్మే లైల్ మా చర్చివాడే. మొదట చూపించింది నీలం వ్యాను.

"మూడు వేల అయిదు వందల పౌండ్లు లాగుతుంది, హార్లన్ గారూ! మీ గుడారం బండి దీనికి పిల్లకాకి."

హార్లన్ వ్యానుతో వచ్చిన పుస్తకం తెరిచి చివరి పేజీల్లో చిన్న అక్షరాలు చదివాడు. "వ్యాన్లో ఎవరు కూర్చుంటే?"

"అదీ... డ్రైవరూ, పక్కన ఒకరూ."

"పిల్లల్ని పోస్టులో పంపాలా?"

రెండోది పాతది. దాన్ని అమ్మినవాడెవరో సొంతంగా వెనక బండి తగిలించే కొండి బిగించుకున్నాడు గానీ గేర్ల నూనె చల్లబరిచే సరంజామా పెట్టించలేదు. హార్లన్ నూనె మట్టం చూసే పుల్ల తీసి వాసన చూసి నాకిచ్చాడు. మాడిన చక్కెర వాసన. "మొదటి కొండ ఎక్కేలోపు చస్తుంది" అన్నాడు.

మూడోది ఆకుపచ్చది. కొండి, నూనె చల్లబరిచే సరంజామా, వెనక కుంగకుండా గట్టి స్ప్రింగులు, అన్నీ కంపెనీ నుంచే వచ్చాయి. హార్లన్ డ్రైవరు తలుపు తీసి పక్కనున్న చీటీ చూశాడు. మనుషులూ, సామానూ, బండి నొగ కొండి మీద మోపే బరువూ, అన్నీ కలిపి వెయ్యి పౌండ్లు దాటకూడదు. చాలామంది ఈ చీటీ చూడరు. ఎంత లాగుతుందనే చూస్తారు గానీ ఎంత మోస్తుందని చూడరు.

"ఎంతమంది మీరు?" అన్నాడు లైల్, అలవాటుగా.

"నలుగురం" అన్నాడు హార్లన్.

లైల్‌కి తెలుసు. రెనే శవపేటిక మోసిన ఆరుగురిలో వాడొకడు. చూపు నేలకి దించి జేబులోంచి పిప్పరమెంటు తీసి జోడీకిచ్చాడు. జోడీ దాన్ని నోట్లో వేసుకోకుండా నా వైపు చూసింది.

ఇంటికొచ్చాక హార్లన్ కాగితం చూపించాడు. తను రెండు వందల అయిదు. నేను నూట అరవై. జోడీ డెబ్భై. రెనే ఎనభై ఒకటి. సామాను మూడు వందలు. నొగ రెండు వందలు. మొత్తం వెయ్యిన్నీ పదహారు.

"పదహారు ఎక్కువ. ఇదీ పనికిరాదు" అన్నాడు.

పదహారు పౌండ్లంటే ఒక ఇనప పెనం, నాలుగు చిక్కుడు డబ్బాలు. అవి ఇంట్లో వదిలేస్తే పోయేవి. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పెద్ద వ్యాను తెచ్చినా ఆయన ఇంకో పదహారు వెతుకుతాడు. రెనే పేరు తీసెయ్యమని నా నోటితో అనలేను. అననంతకాలం మేము ఈ ఇంట్లోంచి కదలం.

"చేత్తో రాసిన లెక్కేగా. కాటా మీద పెట్టి చూడు" అన్నాను.

కాటా మాట ఎత్తితే ఆయన కాదనలేడు. లైల్ కూడా, "శనివారం వ్యాను తీసుకెళ్ళండి సార్. మీరు తూచకుండా కొంటే నాకే అనుమానం వస్తుంది" అన్నాడు.

శుక్రవారం ఆయన పనికి పోయాక షెడ్డు తలుపులు రెండూ తీసి బండి పైకప్పు లేపాను. మూడేళ్ళ కిందటి శనివారం లోపలే ఉంది. ముందు సరస్సు నీటి వాసన, ఎండకి పూసుకునే లేపనం వాసన, తర్వాత బూజు. గుడ్డ మీద నల్లటి మచ్చలు. తాడు మీద రెనే ఈత బట్ట చెక్కలా బిగుసుకుపోయి, భుజాలు ఇంకా నిండుగా ఉన్నట్టు నిలబడి ఉంది. దాన్ని ముట్టుకోవడానికి నాకు గంట పట్టింది.

వెనక బల్ల కింద పెట్టె మూత ఎత్తితే రాళ్ళు. మా సరస్సు ఒడ్డున దొరికే రాళ్ళు, పొడిగా ఉంటే మామూలు బూడిదరంగు, తడిపితే తేనెపట్టు గీతలు తేలతాయి. పెట్టె అంచు దాకా ఉన్నాయి. మనిషి ఏడాదికి ఇరవై అయిదు పౌండ్లకి మించి ఏరకూడదని మా రాష్ట్రంలో నియమం ఉంది. హార్లన్ చూస్తే తూచి, ఎక్కువైనవి ఒడ్డున పోయించేవాడు. అందుకే రెనే నాన్నకి తెలియకుండా ఇక్కడ దాచింది. ఒక్కో రాయి ఈత బట్టలో చుట్టి తెచ్చి ఉంటుంది.

గుడారం అంతా సబ్బు నీళ్ళతో తోమాను, ఎండలో ఆరబెట్టాను. రాళ్ళు మాత్రం తియ్యలేకపోయాను. తన చేత్తో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటి మీద దుప్పట్లు సర్ది మూత వేశాను. సాయంత్రం హార్లన్ వచ్చి మిగతా సామాను ఒక్కొక్కటీ తూచి, చోటు చూసి సర్దాడు. "ఆ వెనక పెట్టెలో?" అంటే, "దుప్పట్లు. ఇరవై పౌండ్లు వేసుకో" అన్నాను.

శనివారం మధ్యాహ్నం గిడ్డంగిలో ఎవరూ లేరు. హార్లన్ బండిని కాటా మీదికి నడిపి, వ్యాను విప్పి పక్కకి తీసి, లోపలికి వెళ్ళి అంకె చూసి వచ్చాడు. ముఖం తెల్లబోయి ఉంది.

"బండీ, సామానూ కలిపి నా కాగితం మీద పంతొమ్మిది వందల నలభై. కాటా రెండు వేలంటోంది."

"కాటా తప్పేమో" అన్నాను. సిగ్గులేని మాట. ఆయన కాటా తప్పని ముప్ఫై మైళ్ళలో ఎవరూ అనరు.

చిన్న తూనిక తెచ్చి నొగ కింద పెట్టాడు. రెండు వందలు రావాల్సింది నూట అరవై అయిదు వచ్చింది. వెనక బరువు ఎక్కువైతే ముందు నొగ తేలికవుతుంది, ఎడ్లబండి తోలినవాడికైనా తెలిసిన సంగతే. హార్లన్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ అంకె వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత బండి వెనక వైపు చూశాడు.

"వెనక ఎవరో కూర్చున్నారు" అన్నాడు.

రాళ్ళ సంగతి తెలిసినదాన్ని నేనే, అయినా ఆ క్షణం నేనూ వెనక్కి చూశాను.

"ఆర్డిత్, తను వ్యాన్లో కాదు. వెనక కూర్చుంది. తనకి ఎప్పుడూ అక్కడే కదా ఇష్టం. వ్యాన్లో ఎనభై ఒకటి తీసేస్తే సరిపోతుంది. తీసుకుందాం. ఈ వ్యానే తీసుకుందాం." ఆయన నవ్వుతున్నాడు. మూడేళ్ళ తర్వాత ఆ పళ్ళు చూశాను. "సోమవారం బయల్దేరదాం."

నేను నోరు మూసుకుంటే చాలు, అందరం సరస్సుకి పోతాం. ఆయన నవ్వుతూ నడుపుతాడు. నాకు కావలసింది అదేగా. కానీ వెనక బరువున్న బండి పెద్ద రోడ్డు మీద కుక్క తోకలా ఊగి ముందున్న వ్యానునీ తిప్పేస్తుందని నాకు చెప్పింది ఈయనే. ఆ వ్యాన్లో జోడీ ఉంటుంది. ఇంకో పిల్లని తూయించుకునే ఓపిక నాకు లేదు.

"రెనే కాదు, హార్లన్. రాళ్ళు. దుప్పట్ల కింద రాళ్ళున్నాయి. నిన్న చూశాను. నీకు చెప్పలేదు."

ఆయన నవ్వు ఒక్కసారిగా పోలేదు. ముఖం మీద అలాగే కాసేపు ఉండిపోయింది. అది చూడటమే కష్టమైంది.

"నేను కూడా మోశాను నాన్నా," అంది జోడీ వెనకనుంచి. "చెప్తే చంపుతానంది అక్క. అందుకే చెప్పలేదు."

హార్లన్ బండి వెనకకి వెళ్ళి, ఆ పెట్టెకి బయటనుంచి ఉన్న చిన్న తలుపు తీశాడు. దుప్పట్లు లాగి నా చేతికిచ్చాడు. రాళ్ళని ఒక్కొక్కటే తీసి బకెట్లో వేశాడు, గుడ్లు పెట్టినట్టు, చప్పుడు లేకుండా. ఎంతసేపు పట్టిందో. మధ్యలో ఒక రాయిని నాలుకతో తడిపి గీతలు చూశాడు. అప్పుడు ఆయన భుజాలు కదిలాయి. నేను గానీ జోడీ గానీ ఆయన దగ్గరికి పోలేదు, పోవాలని తెలియలేదు.

బకెట్ తూనిక మీద పెట్టాడు. బకెట్ బరువు తీసేశాడు.

"యాభై ఎనిమిది" అన్నాడు ముక్కు తుడుచుకుని. "మనిషికి ఇరవై అయిదు. ఇద్దరికి యాభై. ఎనిమిది పౌండ్లు దొంగ సరుకు."

"నాకప్పుడు ఏడేళ్ళు," అంది జోడీ. "నాకు లెక్క తెలీదు."

"దానికి తెలుసుగా!" అని అరిచాడు. రెనే మీద కోపం. బతికున్న పిల్ల మీద తండ్రి పడే కోపం. "దానికి లెక్క బాగా తెలుసు. ఆ ఎనిమిదీ తిరిగి ఇవ్వాల్సిందే."

జేబులోంచి కాగితం తీసి, వ్యాను బానెట్ మీద పెట్టి, రెనే పేరు ఎదురుగా ఉన్న ఎనభై ఒకటి కొట్టేశాడు. పేరు కొట్టెయ్యలేదు. యాభై ఎనిమిది అని రాసి కింద కూడాడు. తొమ్మిది వందల తొంభై మూడు.

ఆకుపచ్చ వ్యాను కొన్నాం. బకెట్‌ని తన వెనక సీట్లో పెట్టించాడు. సరస్సు దాకా మూడు గంటలు బండి గీత గీసినట్టు వచ్చింది. దారిలో ఒక్కసారే మాట్లాడాడు. "బెల్టు పెట్టావా?" అన్నాడు. జోడీ, "నేను పెట్టుకున్నాను" అంది. ఆయన అడిగింది జోడీని కాదు. నేను వెనక్కి వంగి బకెట్‌కి బెల్టు బిగించాను.

ఒడ్డున జోడీ బకెట్లోంచి ఎనిమిది పౌండ్ల రాళ్ళు ఏరి పెట్టింది. హార్లన్ కొక్కెం తూనిక మీద వాటిని రెండుసార్లు తూచి, బూట్లతోనే నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళ దాకా వెళ్ళి, మాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. ఒక్కో రాయీ పడ్డ చప్పుడు వినిపించింది. తిరిగొచ్చాక ఆయన చొక్కా జేబు బరువుగా కిందికి వేలాడుతూ తడిసి ఉంది.

"ఎనిమిదీ ఇచ్చేశావా?" అన్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క పౌండు తప్పు రాయని మనిషి నా కళ్ళలోకి చూడకుండా బూట్లలోంచి నీళ్ళు వంపుకున్నాడు.

"ఏడున్నర" అన్నాడు.