సంగటిలో దాచిన మాత్ర

కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన ఆ కాలంలో, గని కూలీలముండే మా లైన్ ఇళ్లలో పిల్లకు జబ్బు చేస్తే ముందు నీరసపడేది తల్లే. మా చిన్నదానికి అప్పుడు ఐదేళ్లు. టాన్సిల్స్ వాచేవి, జ్వరం వచ్చేది, తగ్గేది, మళ్లీ వాచేవి. ఆసుపత్రిలో కూర్చుని కూర్చుని నా నడుము అక్కడి బెంచీలాగే బిగుసుకుపోయింది. "ఈసారి ఒక్క మాత్ర కూడా వదలొద్దు. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపొద్దు. ఇంగా తగ్గకపోతే ఆపరేషన్ చేసి తీసేయాల," అంది డాక్టరమ్మ. (అప్పటికి నాకు అక్షరాలు రావు, ఆమె మాటే నాకు చీటీ.) కోత అనేసరికి మాత్రల పొట్లం కొంగున ముడేసుకుని ఇంటిదారి పట్టాను.

మాత్రేమో చేదు. తేనెలో ఇస్తే తేనె మింగి మాత్ర ఉమ్మేది. బలవంతాన నోట్లో వేస్తే నా మీదే కక్కేది. చివరికి ఒక ఉపాయం తోచింది. మా కోలారు వైపు రాగి సంగటిని ఎవరూ నమలరు, పులుసులో ముంచి గుటుక్కున మింగుతారు. అందుకని మెత్తటి తొలి ముద్దలో మాత్ర ముక్క దాచి, పిల్ల కంచంలో పెట్టి పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. తిరిగి వచ్చేసరికి కంచం ఖాళీ. నా తెలివికి నేనే మురిసిపోయాను. గొంతు వాపు మాత్రం అట్లాగే ఉంది.

పిల్ల పక్కనే కూర్చుని తినేవాడు మా మామ. గనిలో పనిచేసి రిటైరైన మనిషి. కాలి మీద ఎన్నాళ్లుగానో మానని పుండు. ఒకరోజు ఆ కాలు చాపి చూపించాడు. "చూడమ్మా, మానిపోయినాది. అంతా నా మనవరాలి చేతి చలవ! దినామూ తొలి ముద్ద నాకే పెడతాది, తెలుసునా నీకు?"

గరిటె పక్కన పెట్టి వచ్చాను. "తొలి ముద్ద తాతకెందుకు పెట్టినావే?" అని పిల్లను అడిగితే, "నమిలితే చేదుగా ఉండాదమ్మా. తాత నమలడు కదా, తెలీదు," అంది నిమ్మళంగా.

మామ ముఖం చిన్నబోయింది. "అయితే అది ప్రేమ గాదా పాపా?"

"ప్రేమే తాతా. మాత్ర వేరే."

నాకు నవ్వే ఓపిక కూడా లేకపోయింది. పిల్లను చంకనేసుకుని పోయి డాక్టరమ్మకు ఉన్నమాట చెప్పాను. నన్ను కడిగేసి, మళ్లీ మొదటినుంచి మాత్రలు రాసింది. ఈసారి మామే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. "నీ మందంతా నేను తిన్నాను గదా, ఇంగ నా ముద్ద నువ్వు తినాల," అని తినిపించి, నోరు తెరిపించి చూసేదాకా వదిలేవాడు కాదు. వాపు తీసింది. కోత తప్పింది.

ఆ తర్వాత ఆ పిల్ల ఏం పెట్టినా మామ ముందు చిదిమి చూసేవాడు. అది చూసి నవ్విన దాన్నే, ఇప్పుడు నా మనవడు ముద్దుగా ఏదైనా నోట్లో పెట్టబోతే నేనూ చిదిమి చూస్తాను. చూసి, ఎట్లాగూ మింగేస్తాను.