ట్రయల్ రూమ్ తెర

కొట్టు మూసేసిన రోజు టైలరమ్మ ఇంటికి తెచ్చుకున్నది ట్రయల్ రూమ్ తెర ఒక్కటే. ఆ నీలం పువ్వుల గుడ్డతో తనకో కుర్తా కుట్టుకుందామని కూర్చుంది. నలభై ఏళ్ళు ఊరందరినీ కొలిచిన మనిషికి తన వీపు కొలత అందలేదు. టేపు రెండో కొస పట్టేవాళ్ళేరీ?

"నీ మొహానికి కొలతలొకటా!" అని తనను తానే కసురుకుని, ఇంట్లో పడున్న పాత కాగితం ప్యాటర్నునే భుజాల దగ్గర అంగుళం పెంచి, నడుము వదులు చేసి కత్తిరించేసింది.

కుట్టడం అయ్యాక తొడుక్కుని అద్దం ముందు నిలబడింది.

"చేతులెత్తండమ్మా, చంకల్లో పట్టేస్తోందా?" అని నోరు అలవాటుగా అడిగేసింది. చేతులెత్తింది. "లేదు," అని తనే చెప్పుకుంది.

విప్పి మడతపెడదామని, మళ్ళీ అలవాటుగానే, పక్కకి చెయ్యి చాచి తెర లాగబోయింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తెర తన ఒంటి మీదే ఉంది. చాటు చేసుకుందామన్నా ఇంట్లో ఇంకెవరూ లేరు.