తెల్లచీర రంగు మార్చిన మానిటర్

పోయిన ఆదివారం వనపర్తిలో ఒక కంప్యూటర్ల దుకాణంలో, వరుసగా వెలుగుతున్న తెరల ముందు మా కోడలు ఎటూ తేల్చుకోలేక అటూ ఇటూ తిరుగుతుంటే, నేను స్టూలు మీద కూర్చుని లోలోపల నవ్వుకున్నాను. ఆమె బడిలో పాఠాలు చెబుతుంది. సెలవుల్లో చుట్టాల పెళ్లిళ్ల వీడియోలు ఇంట్లోనే కత్తిరించి, కూర్చి ఇస్తూ ఈ మధ్య ఆ పనిలో మంచి పేరు తెచ్చుకుంది. ఇంతకాలం ల్యాప్‌టాప్ చిన్న తెర మీదికి మెడ వంచి పని చేసి, ఇక లాభం లేదని మానిటర్ కొనడానికి నన్ను వెంటబెట్టుకొని వచ్చింది. దుకాణం అతను విల్లులాగా వంగిన తెర ఒకటి చూపించి తెగ పొగుడుతున్నాడు.

"మామయ్యా, గీ వంకరది మంచిగుంటదా? లేకుంటే చిన్నయి రెండు తీస్కుందమా?" అని అడిగింది.

ముప్పై ఏళ్లు పెళ్లి వీడియోల పనే చేసినవాణ్ని, తడుముకోవలసిన అవసరం నాకేముంది? వంకరది ఆటలు ఆడుకునేవాళ్లకు, మనకు సాపుగా ఉన్నదే కావాలని, ఇరవై ఏడు అంగుళాలకు మించితే దగ్గర కూర్చున్నప్పుడు తల తిప్పుతూ ఉండాలని, మెరుపు ఎంత ఎక్కువో కాదు, రంగు ఎంత నిజమో చూడాలని చెప్పాను. అది కొన్నాక దాని పక్కన ఇంట్లో ఉన్న మామూలు టీవీని తెచ్చి పెట్టుకోమన్నాను. కొత్త తెర కొని దాని పక్కన పాత టీవీ ఎందుకని ఆమె వింతగా చూసింది. ఎందుకో ఆమెకు దారి పొడుగునా చెప్పాను. మన ఈడువాళ్లకు కూడా ఒకసారి చెప్పాలనిపించింది.

సీడీలు వచ్చిన కొత్తలో సంగతి ఇది. గద్వాలలో మా ఇంటి ముందరి గదే నా స్టూడియో. రెండు వీసీఆర్లు పెట్టి, వేలు బటన్ మీద ఉంచి, ఊపిరి బిగబట్టి క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించే రోజులు పోయి, కంప్యూటర్‌లో కత్తిరించే రోజులు వచ్చాయి. చుట్టుపక్కల మొదట కంప్యూటర్ పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని గనక, నడకలో కూడా కొంచెం తేడా వచ్చిందని మా ఇంటామె ఎగతాళి చేసేది. కంప్యూటర్ కొత్తదే గానీ మానిటర్ మాత్రం ఎవరో వాడి వదిలేసినది, వెనకవైపు ఇంత పొడుగు వీపు ఉన్న గాజు తెర. దానికి ఏళ్లు మీద పడి అన్నిటినీ కాస్త నీలంగా చూపించేది. రోజూ దాన్నే చూసే నాకు అది తెర లోపమని తట్టలేదు.

ఆ ఏడు వీపనగండ్లలో ఒక చర్చి పెళ్లికి కెమెరా పట్టాను. పెళ్లికూతురి తండ్రి పుణె దగ్గర కట్టడాల పనికి పోయినవాడు. పెళ్లి ఇంకా పది రోజులుందనగా గోడకు కట్టిన సారువ మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకొని అక్కడి దవాఖానలో పడ్డాడు. పెళ్లి తేదీ మార్చవద్దని, పాస్టరు గారిని ఒప్పించుకున్న రోజునే కానిమ్మని ఆయనే కబురు పంపాడట. పడకముందే బిడ్డ కోసం అక్కడ ఒక తెల్లచీర, సన్నని వెండి అంచుది, ఏరి ఏరి కొని ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపాడు. బిడ్డ ఆ చీర కట్టుకొని, మేనమామ చేయి పట్టుకొని చర్చిలోకి నడిచింది. తండ్రి చూడవలసింది ఇక నా సీడీలోనే.

ఆ బాధ్యత తెలిసే శ్రద్ధగా పని చేశాను. నా తెర మీద చీర నీలం తిరిగి కనిపిస్తుంటే, కెమెరాదే లోపమనుకొని, నీలం పోయి తెలుపు వచ్చేదాకా పసుపు కలుపుకుంటూ పోయాను. పూర్తయ్యాక కుర్చీలో వెనక్కి వాలి చూసుకుంటే మల్లెపువ్వులా ఉంది. ఆ ఊరి మేస్త్రీ పుణెకు తిరిగిపోతుంటే సీడీ అతని చేతికి ఇచ్చారు.

నెల తిరక్కముందే పెళ్లికూతురి తల్లి రెండు బస్సులు మారి గద్వాలకు వచ్చింది. నలభై దాటిన మనిషి, పొలం పనులు లేనప్పుడు ఇళ్లకు సున్నాలు వేసేదట, గోళ్ల చుట్టూ తెల్లటి గీతలు పోలేదు. చంకలోని మూట విప్పి ఆ చీర తీసి నా బల్ల మీద పరిచింది.

"సూడు సారూ, ఇది పసుపుల ముంచిన చీర లెక్కనే ఉన్నదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నిలబడే చెప్పుకొచ్చింది. దవాఖాన నుంచి లేబరు క్యాంపుకు చేరాక, మేస్త్రీ టీవీలో ఆయన బిడ్డ పెళ్లి చూశాడు. బిడ్డ ఒంటి మీద పాతబడి పచ్చగా మాగిన చీర కనిపించింది. తాను పంపిన చీర అల్లుడివాళ్లు తీసి దాచుకొని, ఎవరో కట్టి విడిచిన చీర బిడ్డకు కట్టించారని ఆయన మనసులో పడిపోయింది. మేస్త్రీ ఫోను నుంచి ఒక్కసారి మాట్లాడి, "నేను లేనని నా బిడ్డకు గింత అవమానం చేస్తిరా" అన్నాడట. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ దగ్గరికి రావడం లేదు. కాలు బాగవగానే నేరుగా వియ్యంకుల గడపకే పోతానని తోటివాళ్లతో అంటున్నాడట.

నిజం చెప్పాలి. నేను మొదట తప్పు వాళ్ల టీవీ మీదికి నెట్టాను. ఆమె తొణకలేదు.

"ఆడ సంగతి నాకు తెల్వదు సారూ. మా ఇంట్ల టీవీల గూడ గట్లనే కనవడ్తుంది. వార్తలు మంచిగస్తయి, సినిమాలు మంచిగస్తయి. నీ సీడీ ఏస్తేనే అందరికి కామెర్లు అయితయి."

లేచి, మా ఇంటామె చూసుకునే టీవీని లోపలి నుంచి మోసుకొచ్చి మానిటర్ పక్కన పెట్టి, సీడీ వేశాను. ఒకే పెళ్లికూతురు రెండు తెరల మీద నడిచింది. నా మానిటర్‌లో మల్లెపువ్వు, టీవీలో మాగిన ఆకు. ఆ క్షణంలో కంప్యూటర్ కొన్న గర్వమంతా ఎటు పోయిందో తెలియదు. ఒక తండ్రి బిడ్డ ముఖం చూసుకొని మురిసిపోవలసిన చోట చీర చూసి కుమిలిపోయాడు, అదంతా నా చేతి మీదుగా జరిగింది.

చీరను కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట కుర్చీ మీద వేసి, మానిటర్‌ను నమ్మకుండా టీవీనే చూస్తూ రంగు దిద్దడం మొదలుపెట్టాను. ఆమె వెళ్లలేదు. స్టూలు మీద కూర్చొని, చీర వైపు ఒకసారి, టీవీ వైపు ఒకసారి చూస్తూ, జర తగ్గించు, ఇంకింత తగ్గించు అంటూ పోయింది. నేను తొందరపడి సరిపోయిందంటే ఒప్పుకోలేదు.

"తడి సున్నం సూసి తెలుపు తేల్చొద్దు సారూ. ఆరనియ్యి. జరసేపు బయటికి పోయొచ్చి మల్ల సూడు, అప్పుడు తెలుస్తది."

ఇద్దరం వాకిట్లోకి పోయి, చాయ తాగి, వచ్చి చూశాం. నిజంగానే ఇంకా కొంచెం పసుపు మిగిలి ఉంది. చూస్తూ చూస్తూ ఉంటే కన్ను అలవాటుపడి అబద్ధానికి ఒప్పుకుంటుందని నాకు నేర్పింది ఆమే. ఏ మానిటర్ కంపెనీ కాగితంలోనూ అంత సూటిగా చెప్పింది నేను మళ్లీ చదవలేదు.

పుణెకు ఫోన్ చేసి, మేస్త్రీ చేత ఆయనను పిలిపించి, తప్పు నాదేనని నేనే చెప్పాను. "వియ్యపోళ్లను కాపాడనీకి చెప్తున్నవు సారూ" అని పెట్టేశాడు. రెండు నెలలకు ఆయన కర్ర ఊతంతో ఊరికి వచ్చిన రోజున, ఆమె కబురు పెడితే, కొత్త సీడీ పట్టుకొని వీపనగండ్లకు పోయాను. బిడ్డా అల్లుడూ అప్పటికే వచ్చి ఉన్నారు. ఆయన అల్లుడి పలకరింపుకు జవాబు ఇవ్వలేదు. తల్లి చీరను తెచ్చి టీవీ పక్కన మంచం మీద పరిచింది. నేను సీడీ వేశాను.

పెళ్లికూతురు చర్చిలోకి వచ్చింది. ఆయన తెరను చూశాడు, మంచం మీది చీరను చూశాడు, మళ్లీ తెరను చూశాడు. కాలు చాపుకొని కూర్చున్న మనిషి కర్ర పట్టుకొని లేవబోతే అల్లుడు గబుక్కున చేయి అందించాడు. ఆ చేతిని ఆయన వదల్లేదు.

"అల్లుడా, నీ మీద ఒక తప్పు మాట మనసుల పెట్టుకున్న" అన్నాడు.

ఏ మాటో ఆ పిల్లవాడికి తెలియదు, బిడ్డకూ తెలియదు. తల్లి కడుపులో దాచుకుంది. తప్పు మీది కాదు, నాదని నేను అందరి ముందూ ఒప్పుకున్నాను. ఆయన నా వైపు తిరిగి, కళ్లు తుడుచుకొని, "మొదటికెంచి ఎయ్యి సారూ. ఇంతసేపు చీరనే సూసిన, బిడ్డను సూడలే" అన్నాడు.

ఆ తర్వాత ఎన్ని మానిటర్లు మార్చినా, పక్కన ఒక మామూలు టీవీ లేకుండా నేను పని చేయలేదు. కోడలు సాపు తెరనే కొన్నది. నేనే దగ్గరుండి కంటి ఎత్తుకు బిగించి, కిటికీ వెలుగు దాని మీద పడకుండా పక్కకు తిప్పి పెట్టాను. చాలా మంచి తెర, అబద్ధం చెప్పదు. ఆమె పని కూడా ఆ వయసులో నా పని కంటే మేలు, ఇందులో మొహమాటం ఏమీ లేదు.

అయినా నిన్న ఆమె గదిలో కాసేపు కూర్చుంటే ఒక వెలితి తోచింది. మా రోజుల్లో పెళ్లివాళ్లు ఎడిటింగ్ గదికి వచ్చి నా వెనక కూర్చునేవాళ్లు. ఈమె మా చిన్నత్త, తీసెయ్యకు, ఆయన కోపంగా ఉన్నాడు, ఇంకొక చోట నవ్విన ముఖం ఉంటే పెట్టు అని చెబుతుంటే, పని పూర్తయ్యేసరికి ఆ కుటుంబమంతా నాకు తెలిసిపోయేది. ఇప్పుడు పెళ్లి మొత్తం ఫోన్‌లో లింకుగా వస్తుంది, అలాగే తిరిగి పోతుంది. మా కోడలు తెర మీద ఒక ముసలామె దండ సర్దుకుంటూ ఎవరినో పిలుస్తోంది. ఆమె ఎవరని అడిగాను. తెల్వదు మామయ్యా అన్నది కోడలు, తర్వాతి ముక్కకు పోతూ.