అమ్మకు రెండో పెళ్లి చేసిన ఉత్తరం

మొన్న సూర్యాపేటలో మీసేవ కేంద్రానికి వెళ్లి, బతికే ఉన్నానని ఏటేటా ఇచ్చే ధ్రువపత్రం కోసం వేలిముద్ర వేస్తుంటే, కంప్యూటర్ ముందున్న అమ్మాయి తల ఎత్తకుండానే మళ్లీ పెళ్లి చేసుకున్నారా అని అడిగింది. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసిన మా ఆయన పోయాక నాకొస్తున్న పింఛనుకు అది తప్పనిసరి ప్రశ్నేనట. నా నెరిసిన తల చూసి వరసలో ఉన్నవాళ్లు నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న మా అమ్మను ఏం చేసిందో నాకు తెలుసు.

నాన్న మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. నేను పదో తరగతిలో ఉండగా జబ్బు చేసి పోయాడు. అలా ఉద్యోగంలో ఉండగా పోయినవాడి భార్యకు, ఆమె మళ్లీ పెళ్లి చేసుకోనంతకాలం, నెలనెలా పింఛను వస్తుందని మిల్లు గుమస్తా ఒకాయన చెప్పి, ఓపిగ్గా కాగితాలన్నీ తానే నింపి పంపాడు. అమ్మ నన్ను తీసుకుని కోదాడలో తన అన్న ఇంటికి చేరి, జాకెట్లు కుడుతూ, ఆ పింఛను ఆసరాతోనే నన్ను చదివించసాగింది. త్రిపురారంలో కాలువ కింద ఉన్న నాన్న వాటా పొలం తన పేర రాసిమ్మని పెదనాన్న రెండుసార్లు మనిషిని పంపితే, అమ్మ రాయనంది. ఆ పై నెలే పింఛను ఆగిపోయింది.

పెదనాన్న బడిపంతులు. చెయ్యి పట్టి నాతో పలక మీద అక్షరాలు దిద్దించినవాడు. అందుకే ఎందుకు ఆగిందో అడగబోతే పింఛను ఆఫీసులో అధికారి ఫైలు తిప్పి ఒక ఫిర్యాదు చూపగానే, సంతకం దాకా వెళ్లకముందే ఆ గుండ్రటి రాత ఎవరిదో నాకు తెలిసిపోయింది. మా మరదలు కోదాడలో ఫలానా ఆయనను పెళ్లాడి కాపురం చేస్తున్నది, పింఛనుకు అర్హురాలు కాదు అని ఉంది అందులో. ఆ ఫలానా ఆయన మా మేనమామ, అమ్మకు తోడబుట్టిన అన్న. అమ్మకు చదువు రాదు కనుక ఆ ముక్కలు నా నోటితోనే చదివి వినిపించాల్సి వచ్చింది. ఆమె ఏడవలేదు. కొంగు సర్దుకుని అధికారిని ఒక్కటే అడిగింది.

"సార్, ఈ కాయితం నకలొకటి ఇస్తరా? నా దగ్గర పెట్టుకుంట."

రూలు ఉందో లేదో, ఆయన ఇచ్చాడు. విచారణకు మనుషులొచ్చి ఇరుగుపొరుగుని అడిగి వెళ్లాక, కొన్ని నెలలకు పింఛను మళ్లీ వచ్చింది. కానీ మేనమామ మాత్రం ఆనాటి నుంచి అమ్మ ఒక్కతే ఉన్న గదిలోకి అడుగుపెట్టలేదు. చెల్లెలి చేత్తో అన్నం పెట్టించుకునే మనిషి, తానే వడ్డించుకుని వాకిట్లో కూర్చుని తినేవాడు. అది చూసినప్పుడల్లా నేను పళ్లు పటపట కొరికేదాన్ని.

ఏళ్లు గడిచి నేనూ పంతులమ్మనయ్యాక, సూర్యాపేట బడిలో పెదనాన్న పదవీ విరమణ సభ జరిగింది. ఆయన తొలి శిష్యురాలినీ తమ్ముడి బిడ్డనూ నేనే కదా, నాలుగు మాటలు మాట్లాడమని కబురు పెట్టారు. అమ్మను ముందు వరసలో కూర్చోబెట్టి, నేను మైకు ముందుకెళ్లి, సారు చేతిరాత ఎంత అందమో అందరికీ తెలుసు, ఒకటి చదువుతానన్నాను. అమ్మ దాచిన ఆ నకలు విప్పి, పైనుంచి సంతకం దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివి, ఆ ఫలానా ఆయన మా అమ్మకు సొంత అన్న అని చెప్పి కాగితం మడిచాను. చప్పట్లకు సిద్ధమైన చేతులు ఒళ్లలోకి జారిపోయాయి. పెదనాన్న మెడలో దండ తీయడమూ మరిచి, తల వంచుకుని అడిగాడు.

"ఇన్నేండ్లు దాసిపెట్టిన్రా?"

నేను దిగొచ్చి కాగితం అమ్మ చేతిలో పెట్టాను. తిరుగు బస్సులో అమ్మ కిటికీలోంచి చూస్తూ అన్నది.

"జర గట్టిగ సదవకపోతివి బిడ్డా, ఎనకోళ్లకు ఇనపడ్డదో లేదో."

ఇప్పుడు అమ్మా లేదు, మేనమామా లేడు, పెదనాన్నా లేడు. ఆ ఉత్తరంలో ఇరుక్కున్నవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. ఈమధ్య కోదాడలో ఒక పెళ్లిలో పెదనాన్న మనవరాలు, ఎవరో నన్ను చూపిస్తే వచ్చి కాళ్లకు దండం పెట్టి, మీరు మాకేమవుతారు అని అడిగింది. ఒకప్పుడు చుట్టరికం అడగక్కర్లేకుండా, కోపతాపాలతో సహా పిల్లలకు తెలిసిపోయేది. ఆమె ముఖంలో పెదనాన్న పోలికలు చూస్తూ, మీ తాతగారి దగ్గర చదువుకున్నదాన్ని తల్లీ అన్నాను. ఆయన తమ్ముడి బిడ్డనని చెప్పడానికి ఇప్పటికీ నాకు నోరు రాలేదు.