పత్రిక రాని వారం

గుంటూరులో మేం పుస్తకాల పిచ్చివాళ్ళం కొందరం నెలకో ఆదివారం ఎవరో ఒకరింట్లో చేరతాం. ఆ నెలలో చదివిన పుస్తకం ఒకటి, జన్మలో మరిచిపోలేని నవల ఒకటి చెప్పాలన్నది మా పద్ధతి. అందరం అరవై దాటినవాళ్ళమే కాబట్టి మోకాళ్ళ నొప్పుల ఊసెత్తకూడదన్నది ఇంకో పద్ధతి. దాన్ని కాఫీలు వచ్చేదాకా కూడా ఎవరూ పాటించరు. పోయిన ఆదివారం నా వంతు వచ్చింది. కొత్తగా చదివినదాని గురించి రెండు ముక్కలు చెప్పేసి, నాకు ప్రాణమైన ఒక పాత సీరియల్ నవల ఎత్తుకున్నాను. అందులో చావాలని నూతి దగ్గరికి వెళ్ళిన అమ్మాయి చావకుండా ఇంటికి తిరిగొచ్చే ఘట్టం ఉంది. అది చెప్తున్నంతసేపూ ఎవరూ కప్పు కింద పెట్టలేదు. అయిపోయాక మాలో ఉన్న రిటైరైన లెక్చరరు గారు గొంతు సవరించుకుని, "తప్పుగా అనుకోకండమ్మా. ఆ నవల నేను చాలాసార్లు చదివాను. మీరు చెప్పిన ఘట్టం అందులో లేదండి" అన్నారు. ఉందని నేను వాదించాను. నా వాదన సంగతి మా ఇంట్లోవాళ్ళకు తెలుసు గానీ ఆయనకు కొత్త. పాపం, ఊరుకుని, సాయంత్రం ఆ పేజీలు ఫోటోలు తీసి ఫోనుకు పంపారు. ఆయన చెప్పిందే నిజం. అచ్చులో ఆ అమ్మాయి నూతిలో దూకేసింది. పాలేరెవరో చూసి పైకి లాగాడు. అప్పుడు గుర్తొచ్చింది. నిజానికి ఆ భాగం నేను చదవలేదు, విన్నాను. చెప్పింది మా తోడికోడలు.

ఆమె మా బావగారి భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. పుట్టిల్లు వేటపాలెం. అక్కడి లైబ్రరీలో పుస్తకాలు నమిలి మింగి పెరిగిన మనిషి, ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్ళో మిరప చేలున్న ఇంటికి కోడలుగా వచ్చిపడింది. మా అత్తగారికి కోడళ్ళు పుస్తకాలు చదవడం నచ్చేది కాదు గానీ, పని ఆగకపోతే ఏమీ అనేది కాదు. ఆ సందు చూసుకుని అక్క ఒక ఏర్పాటు చేసింది. కాయ కోతకొచ్చాక మా కొట్టంలో పదిమంది ఆడవాళ్ళం కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీసేవాళ్ళం. అందులో ఒకరు చదవాలి, మిగతావాళ్ళు వినాలి. చదివేవాళ్ళ వాటా కాయలు వినేవాళ్ళు పంచుకుని తీయాలి. మిరపకాయ చేత్తో పేజీ తిప్పితే ఆ పుస్తకం ఇంకెవరూ ముట్టుకోలేరు కాబట్టి చదివేవాళ్ళు కాయ ముట్టుకోకూడదు. గొంతు బాగుంటుందని ఎప్పుడూ అక్కే చదివేది. అందరం ఆమె వాటా పని సంతోషంగా చేసేవాళ్ళం. మా అత్తగారు కూడా గుమ్మంలో కూర్చుని, వినడం లేదన్నట్టు మొహం పెట్టుకుని, మొత్తం వినేది.

ఒక్కటే చిక్కు. కథలో ఏడుపు వచ్చినప్పుడు కళ్ళు తుడుచుకోకూడదు. జబ్బతో, భుజం మీది పైటతో ఎలాగో ఒత్తుకోవాలి. కథలో మునిగిపోయి ఎవరో ఒకరు చేత్తో తుడుచుకునేవాళ్ళు, ఇక చూసుకోండి, కేకలు, చన్నీళ్ళు, మజ్జిగలు. ఆ గొడవంతా సద్దుమణిగాక అక్క, "ఇప్పుడు అసలు ఏడుపు చదువుతున్నా, చేతులు కిందికి పెట్టుకోండి" అని హెచ్చరించి మొదలుపెట్టేది.

ఒక ఏడు ఆ సీరియల్ మమ్మల్ని పట్టుకుంది. వారపత్రిక బస్సులో వచ్చేది. ఒక వారం కథ, ఆ అమ్మాయి మిట్టమధ్యాహ్నం నూతి గట్టు మీద నిలబడటంతో ఆగిపోయింది. తర్వాతి వారం బస్సుల సమ్మె. పత్రిక మా ఊరికి రానేలేదు. కొట్టంలో ఇక వేరే మాట లేదు. దూకి ఉంటుందని కొందరు, దూకదని కొందరు. నేను ఏ పక్షానా మాట్లాడలేదు.

ఆ ఏడే నా మొదటి కాన్పు అయింది. ఆడపిల్ల. ఏడవకుండా పుట్టింది, ఏడవకుండానే పోయింది. వచ్చినవాళ్ళంతా, చిన్నదానివి, మళ్ళీ పుడతార్లే అన్నారు. అందరూ మంచికే అన్నారు గానీ, ఆ మాట విన్నప్పుడల్లా ఈ పిల్ల లెక్కలోది కాదన్నట్టు వినపడేది. మా దొడ్లో చింతచెట్టు కింద నుయ్యి ఉండేది. పనేమీ లేకపోయినా అక్కడికి వెళ్ళి లోపలికి చూస్తూ నిలబడేదాన్ని. ఎందుకు నిలబడుతున్నావని ఎవరూ అడగలేదు. ఎవరూ గమనించలేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

సమ్మె అయిపోగానే అక్క వేటపాలెంలో పెళ్ళికి వెళ్ళి వచ్చింది. వచ్చిన మర్నాడు కొట్టంలో కూర్చుని, "లైబ్రరీలో ఆ వారం భాగం చదివొచ్చాను, చెప్తా వినండి" అంది. చేతిలో పుస్తకం లేదు కదా, ఆ పూట తనూ కాయలు ముందేసుకుని తొడిమలు తీస్తూ చెప్పింది. తల ఎత్తి ఎవరి వంకా చూడలేదు. ఆ అమ్మాయి గట్టు మీద నిలబడి ఉంటే, ఎండన పడి ఎవరో ముసలమ్మ వచ్చిందట. దాహం, కాసిని నీళ్ళు తోడి పొయ్యమ్మా అని అడిగిందట. ఈ అమ్మాయి చేద వేసి తోడి, దోసిట్లో పోసింది. ముసలమ్మ తాగి, మొహం కడుక్కుని, చల్లగా ఉండమని కూడా అనకుండా తన దారిన పోయిందట. అంతే. ఆ అమ్మాయి కాసేపు కూర్చుని, రేపు కూడా ఎవరో ఒకరికి దాహం వేస్తుంది గదా అనుకుని, బిందె నింపుకుని ఇంటికి వెళ్ళిపోయిందట.

నేను ఏడ్చాను. బిడ్డ పోయాక నేను ఏడవడం అదే మొదలు. చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను. ఆ మంటకు ఇంకా ఏడ్చాను, ఏది మంటో ఏది ఏడుపో తెలియకుండా. అక్క నన్ను పట్టుకుని మొహం కడిగింది గానీ ఊరుకోమనలేదు.

తర్వాతి వారం పత్రిక వచ్చినప్పుడు ఎప్పటిలా కొట్టంలోకి తేకుండా, ముందు లోపల గదిలోకి తీసుకెళ్ళి చదువుకుని వచ్చింది. ఆ అమ్మాయి మేనత్త ఇంట్లో జ్వరంతో పడుకుని ఉందని చదివితే, ఉన్నట్టుండి జ్వరమెందుకొచ్చిందని ఎవరో అడిగారు. "అంత ఎండలో గట్టు మీద కూర్చుంటే రాదూ?" అంది. అందరం ఒప్పుకున్నాం. ఆ పత్రికలో ఆ అమ్మాయి చచ్చిపోయి ఉంటే ఆ పూట మాకు ఏం చదివి వినిపించేదో ఇప్పటికీ నా ఊహకు అందదు.

ఇంకో సంగతి కూడా ఇప్పుడే అర్థమైంది. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి అక్క, ఆ ఎండాకాలమంతా, "అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు" అని నన్ను పిలుస్తూనే ఉండేది. వంటింట్లో ఉన్నా, దొడ్లో ఉన్నా పిలిచేది. కాళ్ళు లేవా ఈవిడకు అని విసుక్కుంటూనే ఇచ్చేదాన్ని. నేను నూతి దగ్గరికి వెళ్ళడం ఎప్పుడు మానేశానో నాకు గుర్తులేదు.

ఆ సీరియల్ కాగితాలన్నీ చింపి, దబ్బనంతో కుట్టి దాచుకుంది. అందులో ఆ ఒక్క వారమే లేదు. తర్వాత ఆ నవల పుస్తకంగా వచ్చింది. చివరి రోజుల్లో ఆమెకు చూపు మందగిస్తే నేను వెళ్ళి చదివి పెట్టేదాన్ని. ఆ పుస్తకం కొని తెస్తానంటే, "అది చదివిందేగా, కొత్తదేదన్నా తీసుకురా" అనేది. ఎన్నిసార్లన్నా అదే మాట. పోయిన శ్రావణంలో ఆమె వెళ్ళిపోయింది. వేటపాలెంలో నిజంగా ఆ భాగం చదివి, నాకు చెప్పడానికి మనసొప్పక మార్చిందో, పెళ్ళి హడావిడిలో లైబ్రరీ గడప తొక్కనే లేదో, ఇక నేను ఎవరినీ అడగలేను.

లెక్చరరు గారికి ఫోను చేసి, మీరు చెప్పిందే నిజమండీ అని ఒప్పుకున్నాను. ఆయన, "అయినా మీరు చెప్పిందే బాగుందమ్మా. ఎవరు రాసిందండీ అది?" అని అడిగారు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

ఆ తర్వాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టారు, మనవలు వచ్చారు. కాలమే అన్నీ మాన్పుతుందని, కడుపుకోతతో కూలబడ్డ ఎందరో ఆడపిల్లల పక్కన కూర్చుని పెద్దమనిషి తరహాలో చెప్పాను కూడా. నన్ను మాన్పింది కాలం కాదని, మా అక్క అని తెలిసేసరికి, ఆ మాట ఆమెతో చెప్పుకునే కాలం కాస్తా దాటిపోయింది.